డిమీన్ అనే క్రియ, పన్నెండో అడ్మిషన్

‘డిమీన్’ అనే ఆంగ్ల క్రియకు నేను తరగతిలో మూడు అర్థాలు చెబుతూ ఉంటాను. ఎదుటివారి విలువను తగ్గించడం మొదటిది. తగని పనికి ఒప్పుకొని తన విలువను తానే తగ్గించుకోవడం రెండవది. మర్యాదగా మాట్లాడుతూనే మనిషిని చిన్నబుచ్చడం మూడవది. ఇది పరీక్షలో రాదు కనుక పిల్లలు రాసుకోరు.

మా ఇంట్లో డిగ్రీ పూర్తిచేసిన మొదటివాడిని నేను. రాజమండ్రిలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో అధ్యాపకుడిగా చేరినప్పుడు మా నాన్నగారు వీధి వీధంతా చెప్పుకున్నారు. వేసవిలో అధ్యాపకులు ఇల్లిల్లూ తిరిగి పిల్లలను చేర్పించాలన్న సంగతి ఆయనకు నేటికీ తెలియదు.

ఒక్కొక్కరికి పన్నెండు అడ్మిషన్లు. తేలేనివారు జూన్‌లో రానక్కరలేదు. కరపత్రాలతో పాటు ప్రిన్సిపాల్ గారు మాకు భాషలో శిక్షణ కూడా ఇచ్చారు: “గవర్నమెంటు కాలేజీని తిట్టకండి. తగ్గించి మాట్లాడండి, చాలు.” ఇంత సున్నితమైన అర్థభేదాన్ని నేను ఏ నిఘంటువులోనూ చూడలేదు.

మే నెలాఖరుకు నాకు పదకొండు మంది దొరికారు. పన్నెండో పేరు కోసం మండపేటలో, రైస్ మిల్లులో ధాన్యం ఆరబోసే ఒకావిడ ఇంటికి వెళ్లాను. మెడకు టై ఉండాలన్నది కాలేజీ నియమం.

“ఆయ్, రండి మాస్టారూ. ఈ ఎండలో మెడకా గుడ్డేంటండి బాబూ! తీసేయండి, మేమేం అనుకోం.”

తీయలేదు. పాప పదో తరగతి పాసైందని తెలిసి వచ్చానన్నాను.

“పాసైందండి. గవర్నమెంటు కాలేజీకే వెళ్తానంటోంది. వాళ్లెవరూ మా ఇంటికి రాలేదు మరి. మీరింత దూరం వచ్చారంటే, మీ కాలేజీలో పిల్లల్లేరాండి?”

గుమ్మం వెనక పాప కిసుక్కున నవ్వింది.

నేను శిక్షణలో నేర్చిన పాఠం అప్పగించాను. అక్కడి మాస్టార్లు మంచివారే గాని పిల్లలను పట్టించుకునే ఓపిక ఉండదన్నాను. నిజానికి నేను ఇంటర్ చదివింది అటువంటి ప్రభుత్వ కాలేజీలోనే. నాకు ఇంగ్లీషు రాదని తెలిసి, కాలేజీ విడిచాక రోజూ గంటసేపు కూర్చోబెట్టి నేర్పిన మాస్టారు అక్కడివారే.

“అక్కడ చదివితే ఏమీ అవ్వరాండి?” పాప అడిగింది.

“కష్టమమ్మా,” అన్నాను.

“మరి మీరెక్కడ చదివారండి?” అన్నది తల్లి.

“మా కాలేజీలోనేనండి.”

“చూశావుటే! అక్కడ చదివే ఈయన మాస్టారయ్యారు,” అంటూ ఆవిడ ట్రంకుపెట్టె తెరిచి, ప్లాస్టిక్ కవరులో భద్రంగా దాచిన ఒరిజినల్ సర్టిఫికెట్లు తెచ్చి నా చేతిలో పెట్టారు. అవి ఒకసారి మా కాలేజీ బీరువాలోకి చేరితే పాప ఇక వేరే ఏ కాలేజీలోనూ చేరే వీలుండదు. ఆ విషయం ఆవిడకు తెలియదు. పాప ఈసారి నవ్వలేదు.

ఆవిడ రెండు చేతులూ జోడించి నమస్కారం పెట్టారు. నేనూ పెట్టాను, ఆ సర్టిఫికెట్లు పెట్టుకున్న చంకలోని సంచీ జారకుండా మోచేత్తో గట్టిగా అదిమిపట్టుకొని.