గులాబీ పెట్టిన చోట

మా చెల్లెలికి ఇటాలియన్ నేర్పిన మేడం మొన్న సోమవారం తెల్లవారుజామున నిద్రలోనే వెళ్ళిపోయారు. కబురు వచ్చేసరికి నేను దీపం పెడుతున్నాను. అక్కడే ఆమె కోసం కూడా చేతులు జోడించాను. ఇది చదివేవారిలో ఆమె దగ్గర నేర్చుకున్నవాళ్ళు కొందరైనా ఉంటారు.

చాలా ఏళ్ళు ఇటలీలో నర్సుగా పనిచేసి హోసూరులో, మా పక్క వీధిలో స్థిరపడ్డారామె. మా చెల్లెలూ నర్సే. అక్కడి ఉద్యోగానికి ఇటాలియన్ మాట్లాడే పరీక్షకు వెళ్ళి ఒకసారి తప్పింది. మాటలన్నీ వచ్చు. పలికేటప్పుడు మాటలో ఏ ముక్కను నొక్కి పలకాలో అక్కడ బరువు పడేది కాదు. ఇక ఒక్క అవకాశమే మిగిలింది.

సాయంత్రాలు మా వరండాలోనే పాఠం. నేను పక్కన పూలు కట్టుకునేదాన్ని. ఒకరోజు మేడం నా బుట్టలోంచి మల్లెమొగ్గలు తీసి, మాటను విడగొట్టి, ముక్కకొకటి చొప్పున పీట మీద పేర్చారు. బరువు పడేచోట గులాబీ. పెట్టబోతూ దాన్ని కమ్మగా వాసన చూశారు.

"మేడం, అది దేవునికి," అన్నాను.

"మరిచిపోయినానమ్మా. వాసన చూసిన పువ్వు దేవునికి పనికిరాదు. పాఠానికి పనికొస్తుంది లే."

ఆనాటి నుంచి ఆమెకని ఒక గులాబీ వేరుగా ఉంచేదాన్ని.

ఒకే క్రియ, చేసేవాళ్ళు మారితే బరువు చోటు మారుతుంది. మాట్లాడతాం అనడానికి పార్-ల్యా-మో, గులాబీ నడుమ. వాళ్ళు మాట్లాడతారు అనడానికి పార్-ల-నో, గులాబీ మొదట. చెల్లెలు దాన్నీ నడుమకే లాగేది.

"యాడ పెట్టినానో ఆడే ఉండనీ పాపా."

"నాలుక వినదు మేడం."

"వింటుంది. నా నాలుకకు ఇటలీలో రోగులే నేర్పినారు, నేను తప్పు పలికితే నవ్వి నవ్వి. తొందరపడొద్దు. రోగి చెయ్యి పట్టుకున్నట్టు మాటను పట్టుకో."

ఆమె పోయిన రెండో రోజే పరీక్ష.

"నేను పోనక్కా," అని కూర్చుంది చెల్లెలు.

"ఈడ కూర్చునేదానికా ఆమె నేర్పింది? లేచి స్నానం చెయ్యి," అన్నాను.

బెంగళూరు బస్సు ఎక్కించి వచ్చి దేవుడి గదిలో కూర్చున్నాను. ఏం అడగాలో తోచలేదు.

మధ్యాహ్నం ఫోను మోగింది. అవతల రోడ్డు మోత.

"పాసైనానక్కా, ఆడే చెప్పేసినారు," అంది. అంతటితో తెలుగు ఆగిపోయింది. ఏడుస్తూనే ఇటాలియన్‌లో ఏదో చెప్పుకుంటూ పోయింది, ఎక్కడా తడబడకుండా. ఆ మాటలు నాతో కాదని తెలుస్తూనే ఉంది. ఒక్కటీ అర్థం కాలేదు. ఏ మాటలో ఎక్కడ బరువు పడుతోందో మాత్రం స్పష్టంగా వినిపించింది. అది చెప్పడం అయ్యేదాకా ఫోను చెవికి ఆనించుకుని, కళ్ళు మూసుకుని నిలబడ్డాను.