గేదె పోయిందండి

నా చిన్నప్పుడు వత్సవాయి చుట్టుపక్కల పోలీస్ స్టేషన్ లోపలికెళ్లి చూసిన ఆడపిల్లని నేనొక్కదాన్నే. అదీ ఒక పోలీసు ఆఫీసరుకి తెలుగు చెప్పడానికి. నవ్వకుండా రాసుకోవే మనవరాలా.

నాకప్పుడు తొమ్మిదేళ్లు. మా నాన్న గేదెని మేపుకురమ్మంటే, నేను కాలవగట్టు మీద తొక్కుడుబిళ్ల ఆటలో పడిపోయాను. తల తిప్పి చూస్తే గేదె లేదు. ఇంటిల్లిపాదికీ ఆ పాలే ఆధారం. దెబ్బలు తప్పవని హడలిపోయి, పొద్దున మా ఇంటికొచ్చిన గేదెల బేరగాడు తోలుకుపోయాడని చెప్పేశాను. సాయంత్రానికల్లా అతన్ని పట్టుకెళ్లి స్టేషన్లో కూర్చోబెట్టారు.

మర్నాడు మా నాన్న నన్ను సైకిలెక్కించుకుని సాక్ష్యానికి తీసుకెళ్లాడు. జీపు, టోపీలు, వరసగా నిలబెట్టిన తుపాకులు చూసేసరికి నాకు తిరనాళ్లకి వచ్చినంత సంబరమైంది. బల్ల వెనక ట్రైనింగుకి వచ్చిన ఉత్తరాది ఆఫీసరు. నిండా పాతికేళ్లుండవు. తెలుగు అప్పుడప్పుడే నేర్చుకుంటున్నాడు.

"మా గేదె పోయిందండి," అన్నాడు మా నాన్న.

ఆయన మొహం దిగాలుగా పెట్టాడు. "అయ్యో. ఎప్పుడు మరణించింది?"

"చావలేదండి బాబూ. పోయిందండి."

కానిస్టేబుల్ నవ్వాపుకోలేక బయటికెళ్లాడు. ఆఫీసరుకి మాత్రం కోపం రాలేదు. నన్ను దగ్గరికి పిలిచి, ఈ పోవడాలు ఎన్ని రకాలో చెప్పమన్నాడు. నాకు ఎక్కడలేని హుషారొచ్చేసింది. చస్తే చచ్చిపోయింది, దారి తప్పితే తప్పిపోయింది, తాడు తెంపుకుంటే పారిపోయింది, ఎవరన్నా తీసుకెళ్తే తోలుకుపోయాడు అని పాఠం చెప్పాను. అన్నీ తన పుస్తకంలో పలకమీద రాసినంత పెద్ద అక్షరాలతో రాసుకున్నాడు. తర్వాత పెన్సిల్ నా చేతికిచ్చి, "నువ్వు కళ్లతో చూసినది ఏది? దాని కింద గీత గీయి," అన్నాడు.

నా హుషారంతా దిగిపోయింది. బేరగాడు తలపాగా ఒళ్లో పెట్టుకుని గోడవార నేల మీద కూర్చున్నాడు. నావైపు చూడను కూడా లేదు. పెన్సిల్ 'తోలుకుపోయాడు' దగ్గర చాలాసేపు ఆగింది. చివరికి 'తప్పిపోయింది' కింద గీత గీశాను.

మా నాన్న చెయ్యెత్తాడు. ఆఫీసరు అడ్డం వచ్చి, "పంతులమ్మని కొట్టకూడదు," అన్నాడు. బేరగాణ్ణి తన ఎదురుగా కుర్చీలో కూర్చోబెట్టి, ముందు తను క్షమాపణ చెప్పి, తర్వాత నాచేత చెప్పించాడు. ఆ బేరగాడు మా నాన్నతో, "కొత్తగా కొన్న గేదె కదయ్యా, పాత ఆసామి కొట్టానికే పోయుంటది, చూసుకో," అన్నాడు. నిజంగా అక్కడే ఉంది.

ఆ ఆఫీసరు ఒక్కో మెట్టూ ఎక్కి, ఢిల్లీలో పోలీసులందరి మీదా పెద్దయ్యాడు. పేపర్లో ఫొటో చూసిన రోజు నేను వీధంతా తిరిగి, ఈయనకి తెలుగు చెప్పింది నేనేనని చాటింపు వేశాను. ఒక్కళ్లూ నమ్మలేదనుకో.

ఆమధ్య నా చెవిదుద్దు విషయంలో మీ అమ్మ పనమ్మాయి పేరెత్తబోయింది కదా. నేను చూసింది దుద్దు లేకపోవడం ఒక్కటే. అందుకే కనపడట్లేదు అన్నాను. నెల దాటింది, ఇల్లంతా వెతికాం. ఇప్పటికీ కనపడట్లేదు అనే అంటున్నాను.