పదకొండేండ్ల మన్ను

ధర్మవరంలో రోహిణి ఎండలు మాడుస్తుండగానే మాబున్నీ ఆకాశం వైపు అనుమానంగా చూడటం మొదలుపెట్టేది. ఒక్క మబ్బు తునక కంటబడితే చాలు, మరుసటి రోజు పొద్దున్నే ఆమె ఇంటి ముందు చౌడు మన్ను బండి ఆగేది. చీర ఎగదోపి, తలమీద చుట్టకుదురు పెట్టుకుని, గంప ఎత్తుకుని నిచ్చెన ఎక్కేది. ఆడమనిషి మిద్దె ఎక్కడమేమిటని మొదటి ఏడు వీధంతా బుగ్గలు నొక్కుకుంది. రెండో ఏడు ఊరికే చూసింది. మూడో ఏడు నుంచి, "మాబున్నీ మిద్దె ఎక్కింది, ఇంక వాన వస్తుంది" అనుకుని వడియాలు లోపలికి తెచ్చుకోసాగింది.

మట్టి మిద్దె ఉన్నవాళ్లకు ఈ పని తప్పదు. బూడిదలా ఉండే చౌడు మన్ను మిద్దె మీద పరిస్తే, తొలి వానకు తడిసి బిగుసుకుపోయి చుక్క నీటిని కిందికి దిగనివ్వదు. అయితే లోకంలో ఇల్లుగలవాళ్ల లెక్క వేరు. తాము ఉండే ఇంటి మీద ఇరవై గంపలు పోసుకుని, అద్దెకిచ్చిన ఇంటి మీద నాలుగు గంపలు విదిల్చి దులుపుకుంటారు. మాబున్నీ దానికి సరిగ్గా తలకిందులు. తన నెత్తిన పది గంపలు, అద్దెకున్నవాళ్ల నెత్తిన ఇరవై. ఆమె మంచితనం అంతా గంపల్లోనే ఉండేది.

ఆ ఇళ్లు కట్టింది ఆమె భర్త అమీర్‌సాబ్. గోడలు కట్టే మేస్త్రీ. పక్కపక్కనే రెండు ఇళ్లు తన చేతులతో లేపి, ఒకదాంట్లో తాము ఉండి, రెండోది అద్దెకిచ్చాడు. పంతొమ్మిది వందల అరవై తొమ్మిదిలో జ్వరం వచ్చి వారం తిరక్కుండానే పోయాడు. పిల్లలు లేరు. ఉన్నన్నాళ్లూ ఆయన భార్యకు ఇల్లు అద్దెకివ్వడం గురించి చెప్పినవి రెండే మాటలు. అద్దెకున్నవాళ్ల ఇల్లు కారకూడదు. పిలవందే వాళ్ల గడప దాటకూడదు. ఆ రెండింటినీ మాబున్నీ నమాజులా పట్టుకుంది.

మరుసటి ఏడాదే దాసప్ప వచ్చాడు. కొత్తగా పెళ్లయిన పట్టుచీరల నేతగాడు. వెనకాల తల వంచుకుని భార్య జయలక్ష్మమ్మ. ఊరంతా తిరిగి తిరిగి వాళ్ల కాళ్లు అరిగిపోయాయి. ఎందుకంటే దాసప్పది గుంట మగ్గం. నేతగాడు కాళ్లు దింపుకుని కూర్చోవడానికి ఇంట్లో నేల తవ్వాలి. "మా ఇంట్లో గుంత తవ్వుతావా, ఇదేమన్నా గోరీల దిబ్బా?" అని ఒక ఇంటాయన తరిమేశాడట.

మాబున్నీ అంతా విని ఒకటే అడిగింది. "ఎంత లోతప్పా?"

"నా మోకాళ్లు దిగేంత తల్లీ."

"అంతేనా? ఉండు, గడ్డపార తెస్తా."

మగ్గం మీద పట్టు ఉంటుందనీ, వాన చుక్క పడితే మరక పోదనీ, మరక పడిన చీర షావుకారు ముందు పరచడానికి మొహం చెల్లదనీ జయలక్ష్మమ్మ మెల్లగా చెప్పింది. ఆ మాట మాబున్నీ మనసులో నాటుకుంది. ఆ ఏడే ఇరవై గంపలు మోసింది. దిగి, చెమట తుడుచుకుంటూ, "ఎట్లుండాదప్పా?" అని అడిగింది. "చానా బాగుండాదమ్మా" అన్నాడు దాసప్ప. ఆ ఒక్క మాటకు ఆమె ఏడాదంతా నవ్వు మొహంతో తిరిగింది.

ఇలా పదకొండేండ్లు గడిచాయి. ఊళ్లో ఇళ్లన్నీ కారినా ఆ ఇల్లు కారలేదు. దాసప్పకు ఇద్దరు ఆడపిల్లలు పుట్టి మగ్గం పక్కనే పెరిగారు.

కారలేదు గానీ, తలుపు పట్టేసింది. డెబ్భై తొమ్మిదిలో మొదటిసారి దాసప్ప ఇంటి తలుపు చట్రానికి బిగుసుకుపోయి మూతపడలేదు. మాబున్నీ వెంటనే పెనుకొండలో ఉన్న తమ్ముడు గఫార్‌కు కార్డు రాయించింది. అతను వడ్రంగి. వచ్చి, వీధిలోనే తలుపు పడుకోబెట్టి చిత్రిక పట్టి, సాయంత్రం రైలుకు పోయాడు. ఎనభైలో మళ్లీ బిగిసింది, మళ్లీ పట్టాడు. ఎనభై ఒకటి ఎండాకాలంలో మూడోసారి కార్డు అందేసరికి గఫార్‌కు చిరాకు పుట్టుకొచ్చింది.

"అక్కా, చెక్క వాన్లో ఉబ్బుతాది. రోహిణి ఎండలో ఉబ్బేది యాడన్నా చూసినావా?" అంటూ తలుపును వదిలేసి చట్రాన్ని తడిమి చూశాడు. పైచెక్క బరువుకు కిందికి వంగి ఉంది. తర్వాత లోపలికి నడవబోయాడు. దాసప్ప గడపకు అడ్డంగా నిలబడ్డాడు.

"తలుపు ఈడ కదా గఫారన్నా ఉండేది. లోపల ఏమి పని?"

అద్దెకున్న మనిషి అలా అడ్డం నిలవడం గఫార్‌కు కొత్త. పక్కనుంచి తల దూర్చి పైకి చూశాడు.

"అక్కా, ఒకసారి లోపలికి రా."

"వాళ్లు పిలవందే నేను రాను" అంది మాబున్నీ బయటినుంచి.

జయలక్ష్మమ్మ వచ్చి చెయ్యి పట్టుకుంది. "రా మాబున్నమ్మా. నేను పిలుస్తాండా."

పదకొండేండ్లలో మొదటిసారి మాబున్నీ ఆ గడప దాటింది. మగ్గం మీద సగం నేసిన చీర. దానికి సరిగ్గా పైన పెద్ద దూలం నిండు చూలాలి పొట్టలా కిందికి వంగి, నడుమ జానెడు పగులు ఇచ్చి ఉంది. పగులు కింద చింతమొద్దు ఒకటి ఆసరాగా నిలబెట్టి ఉంది. ఆ మొద్దు పక్కనే పిల్లల చాప.

"ఎన్నాళ్లయింది?" అని మాబున్నీ అడిగింది.

"రెండేండ్లు" అంది జయలక్ష్మమ్మ.

"నాకు చెప్పకుంటే ఎట్లప్పా? ఆడబిడ్డలు పడుకునే తావు!"

దాసప్ప తల ఎత్తలేదు. "ఎట్ల చెప్పేదమ్మా? ఎండలో ఇరవై గంపలు మోసి దిగి, ఎట్లుండాదప్పా అని అడుగుతాంటివి. బరువైతాండాదమ్మా అని ఏ నోటితో అనేది? నువ్వు మనసు నొచ్చుకుని ఖాళీ చెయ్యమంటే, గుంట తవ్వనిచ్చే ఇల్లు మళ్లా యాడుండాది మాకు?"

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్నట్టు రెండేండ్లు నలిగిపోయాడు పాపం. చెప్పక తప్పు చేశాడు, నిజమే. కానీ వాన కారే ఇళ్ల మధ్య కారని ఇంట్లో ఉండి, ఇల్లుగలావిడ ప్రేమ ఎక్కువైందని ఫిర్యాదు చేసే మొనగాడు ఎవడు?

గఫార్ మిద్దె ఎక్కి, గునపం దింపి చూసి, దిగివచ్చాడు. "మోచెయ్యి లోతుండాది మన్ను. పాత మన్ను ఎప్పుడన్నా గీకినావా?"

"గీకేదేంది?"

"బావ రెండేండ్లకొకసారి పాతది గీకి ఎనక సందులో పోసి, ఆమీద కొత్తది పరుస్తా ఉండె. ఎనక నేను గదా గంప అందుకుంటా ఉంటి!"

భర్త బతికి ఉండగా మాబున్నీ పని వీధి వైపు. గంపలు నింపి నిచ్చెన దగ్గర అందించేది. పైకి పోయే మన్నునే చూసింది గానీ, వెనక సందులోకి దిగే మన్నును ఏనాడూ చూడలేదు. మంచికి పోతే చెడు ఎదురైంది. ఏటా ఇరవై గంపల మంచి ఆ పసిపిల్లల నెత్తిన పోగుపడింది.

"రెండు మాటలు చెప్పినోడికి ఈ మూడోది చెప్పేదానికి నోరు రాలేదా!" అని చచ్చిపోయిన మొగుడిని అందరి ముందే తిట్టింది. తర్వాత కళ్లొత్తుకుని, "దాసప్పా, మగ్గం ఇప్పు. ఇప్పుడే" అంది.

"చీర సగంలో ఉండాది. నాలుగు దినాలు ఓర్చుకో."

"నీ చీర ఓర్చుకుంటాది. దూలం ఓర్చుకోదు."

"యాడికి పోయేదమ్మా?"

మాబున్నీ తన ఇంట్లోకి పోయి, మంచం బయటికి లాగి, నడింట్లో గడ్డపార వేసింది. మధ్యాహ్నానికి ఆమె పడుకునే చోట మోకాలి లోతు గుంట తయారైంది. మగ్గం మీది పడుగు దారాలను పసిబిడ్డలా చుట్టి నలుగురూ మోసుకొచ్చారు. ఆ రోజు నుంచి ఆమె మంచం వసారాలో.

పదిరోజులు మన్ను దింపారు. పొరలు పొరలుగా వచ్చింది. పార వేసినప్పుడల్లా ఆమె నడుము గుర్తుపట్టింది, ఇది జ్వరంతో మోసిన ఏడు, ఇది కాలు బెణికిన ఏడు అని. దింపిన ప్రతి గంపకూ ఆమెకు ప్రాణం ఉసూరుమంది. హిందూపురం కలప డిపో నుంచి గఫార్ కొత్త దూలం తెచ్చి ఎక్కించాడు, దాని మీద అడ్డంగా పరిచే దంతెలు సర్దాడు. తలుపు చిటికెన వేలితో తోస్తే మూతపడింది.

ఇక కొత్త మన్ను పరచాలి. మాబున్నీ దాసప్పను ఇంటి ముందు నిలబెట్టింది. "నేను మోస్తాంటా. చాలనే మాట నువ్వే అనల్ల. అనకపోతే సందేళదాకా మోస్తా, ఆ పాపం నీదే."

ఒకటి, రెండు, మూడు. దాసప్ప నేల చూపులు చూశాడు. ఆరో గంపకు గొంతు సవరించుకుని, మాట మళ్లీ మింగేశాడు. జయలక్ష్మమ్మ మోచేత్తో పొడిచింది. ఎనిమిదో గంపతో మాబున్నీ నిచ్చెన సగం ఎక్కేసరికి దాసప్ప కళ్లు గట్టిగా మూసుకుని, వీధి చివరిదాకా వినబడేలా అరిచాడు.

"చాలమ్మా! ఇంక ఒక్క గంప కూడా వద్దు! నా బిడ్డలు పడుకునే ఇల్లు ఇది!"

వీధిలో నడిచేవాళ్లు ఆగిపోయారు. మాబున్నీకి చెంప మీద కొట్టినంత పనైంది. కోపం వచ్చింది, సిగ్గేసింది, చెవులు వేడెక్కాయి. ఒక్కొక్క మెట్టూ దిగి, గంప నేలమీద పెట్టింది.

"పదేండ్ల కిందనే ఈ మాట అనింటే, నా నడుమన్నా మిగిలింటుండె గదప్పా!" అని పక్కున నవ్వింది. నవ్వుతూనే ఆ గంప పక్కన కూలబడి, పిల్లలిద్దరినీ ఒళ్లోకి లాక్కుని వెక్కి వెక్కి ఏడ్చింది.