బాక్సుకి పెట్టిన బొట్టు

మా మేనకోడలి పెళ్ళి ముహూర్తం పొద్దున పది నలభై ఎనిమిదికి. పెళ్ళి బందరులో, నేనూ అమ్మా గుడివాడలో. పది దాటి పది నిమిషాలైనా మా టీవీలో పెళ్ళి రాలేదు.

అమ్మకు తుంటి ఎముక విరిగి అప్పటికి నెల. కర్ర పట్టుకోకుండా బాత్రూముకు వెళ్ళి జారిపడింది. ఆపరేషన్ అయింది గాని, కారులో గంట ప్రయాణం కుదరనే కుదరదన్నారు డాక్టరుగారు. ఆ పెళ్ళికూతుర్ని ఐదో తరగతి నుంచి పదో తరగతి దాకా పెంచింది అమ్మే. ఉద్యోగంలో ఊళ్ళు మారుతుంటే చదువు చెడుతుందని అన్నయ్య కూతుర్ని మా దగ్గర వదిలాడు. “జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు ఒక్కసారి చూస్తే చాలే. మిగతాది మీరు వెళ్ళొచ్చి చెబుదురుగాని” అంది అమ్మ. ఇంట్లో తోడుగా ఎవరో ఒకరు ఉండాలి కదా, ఆ ఒకరు నేనయ్యాను. సంతోషంగా ఉండిపోయానంటే అబద్ధం. పెళ్ళికని కొనుక్కున్న చీర మడత విప్పకుండా బీరువాలో ఉంది, నాకు లోపల ఉడుకుతూనే ఉంది.

ఫొటోగ్రాఫరు పెళ్ళిని ఇంటర్నెట్‌లో లైవ్ ఇస్తానన్నాడు. ఫోనులో చూపిద్దామంటే అమ్మకు శుక్లాలు. అంత చిన్న బొమ్మలో పెళ్ళికూతురెవరో పురోహితుడెవరో ఆవిడకు తెలియదు. అందుకే మూడు రోజుల ముందు కేబుల్ ఆయన్ని పిలిచి ఇంటర్నెట్ బాక్సు పెట్టించాను. ఎరుపు, పసుపు, తెలుపు వైర్లతో పాత కేబుల్ బాక్సు ఎలాగూ ఉంది. దాని పక్కన కొత్తది పెట్టి, వెడల్పు మూతి వైరు టీవీ వెనక గుచ్చి, ఎవరిదో పెళ్ళి వీడియో వేసి చూపించి వెళ్ళాడాయన. ఆ తర్వాత అమ్మ సీరియళ్ళ కోసం మళ్ళీ పాత బాక్సుకే మారాం. కొత్తదాని జోలికి వెళ్ళలేదు.

ముహూర్తం రోజున అమ్మకు పట్టుచీర చుట్టబెట్టి, వెనక దిండ్లు పెట్టి కూర్చోబెట్టాను. అన్నయ్య ముందురోజే పంపిన అక్షింతలు గుప్పిట్లో పట్టుకుని టీవీకేసి చూస్తోంది. టీవీ రిమోటు నొక్కితే కొత్త బాక్సు తెర వచ్చింది. వరసగా సినిమా పోస్టర్లు. అక్కడినుంచి కదలాలంటే బాక్సు రిమోటు కావాలి. అది ఎంత నొక్కినా చలనం లేదు. టీవీ రిమోటులోని బ్యాటరీలు తీసి దీంట్లో వేశాను. బాక్సుల మీద కప్పిన పెడన కలంకారీ గుడ్డ లాగి అవతల పారేశాను. వైరు పీకి మళ్ళీ గుచ్చాను. స్విచ్చి ఆపి వేశాను. మళ్ళీ అవే పోస్టర్లు.

“కంగారు పడకే. నిదానంగా చూడు” అంది అమ్మ.

“ఎక్కడి నిదానం! ఆ రోజు కర్ర పట్టుకుని వెళ్ళుంటే ఈపాటికి ఇద్దరం బందర్లో పెళ్ళిపీటల ముందు ఉండేవాళ్ళం!”

అనేశాను. నెల రోజులుగా నోటి చివర ఆగిన మాట అది. అమ్మ తల దించుకుని గుప్పిట్లో అక్షింతలు చూసుకుంది. గడియారంలో పది ఇరవై ఐదు.

కేబుల్ ఆయనకు ఫోను చేస్తే మూడోసారికి ఎత్తాడు. “ముదినేపల్లి దగ్గరున్నానక్కా. చేపల చెరువు గట్టు తవ్వుతా వైరు తెంపేశారు. గంట పడుద్ది.”

“గంటా? నా పెళ్ళి కాదండీ ఎప్పుడైనా చేసుకోడానికి! ఇంకో ఇరవై నిమిషాల్లో ముహూర్తం!”

“అయితే నేను చెప్పినట్టు చెయ్యండి. ఫోన్లో కెమెరా తియ్యండి. రిమోటు ముందున్న బల్బు కెమెరాకి చూపించి నొక్కండి. వెలుగుతుందా?”

ఊదారంగు వెలుగు మినుకుమంది.

“రిమోటు మంచిదేనండీ. బాక్సు ముందు, కుడిపక్క మూల నల్లగా చిన్న అద్దం ముక్క ఉంటది. రిమోటు వెలుగు దానికే తగలాలి. ఏవన్నా అడ్డం ఉందేమో చూడండి.”

మోకాళ్ళ మీద కూర్చుని చూశాను. నల్లగా ఏమీ లేదు. అది ఉండాల్సిన చోట రూపాయి బిళ్ళంత పసుపు, దాని నడుమ కుంకుమ, ఎండి పెచ్చు కట్టి ఉంది.

మా ఇంట్లో కొత్త వస్తువు ఏదొచ్చినా బొట్టు పడాల్సిందే. ఫ్రిజ్జుకి, మిక్సీకి, చివరికి గ్యాసు సిలిండరుకి కూడా. ఎవరు పెట్టారిది అని కేకేయబోయి ఆగాను. అమ్మ మంచం దిగి నెల. ఇంట్లో మూడో మనిషి లేదు. కేబుల్ ఆయన గడప దాటగానే పెట్టింది నేనే. మధ్యలో పెడితే కంపెనీ పేరు మూసుకుపోతుందని, నల్లటి చోటైతే బొట్టు కళగా ఉంటుందని, వెతికి మరీ అక్కడ పెట్టాను.

“ఏముందక్కా?” అన్నాడాయన.

“ఏం లేదండీ, దుమ్ము” అని ఫోను పెట్టేశాను.

చీర కొంగు తడిపి రుద్దాను. రిమోటు నొక్కితే టీవీలో బాణం గుర్తు కదిలింది. ఫొటోగ్రాఫరు స్టూడియో పేరు ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టాలి. కంగారులో రెండుసార్లు తప్పు కొట్టాను. అంతలో అన్నయ్య ఫోను. స్పీకరు పెట్టి మంచం మీద పడేశాను. “చూస్తున్నారా? తెర పట్టేశారు!” అని మళ్ళీ మళ్ళీ అడుగుతున్నాడు. నేను రిమోటు నొక్కుతూనే ఉన్నాను. టీవీలో చక్రం తిరుగుతోంది. ఫోనులోంచి పురోహితుడి గొంతు పెరిగింది, ఒక్కసారిగా గట్టిమేళం మోగింది. మంటపంలో జీలకర్ర బెల్లం పెట్టేశారు.

“అయిపోయిందమ్మా” అన్నాను. ఏడుపొచ్చేసింది.

అమ్మ గుప్పిలి మాత్రం విప్పలేదు.

అప్పుడు చక్రం ఆగి పెళ్ళి వచ్చింది. చూస్తే, వధూవరుల మధ్య తెర ఇంకా పట్టుకునే ఉన్నారు! లైవ్ అంటారు గాని బొమ్మ అర నిమిషం వెనకబడి వస్తుందని నాకప్పుడు తెలియదు. ఫోనులో అయిపోయిన ముహూర్తం టీవీలో ఇంకా కాలేదు. మా కళ్ళముందే పురోహితుడి గొంతు మళ్ళీ పెరిగింది. పిల్ల చెయ్యి అబ్బాయి తల మీదికి వెళ్ళింది. గట్టిమేళం రెండోసారి మోగింది. అమ్మ అక్షింతలు విసిరితే టీవీ దాకా వెళ్ళలేదు, సగం నా తల మీద పడ్డాయి.

మధ్యాహ్నం భోజనాల హడావిడి తగ్గాక అన్నయ్య మళ్ళీ ఫోను చేశాడు. “అన్నిసార్లు అడిగితే పలకరేం? ఏమైంది అసలు?”

నేను నోరు తెరిచేలోపే అమ్మ ఫోను అందుకుంది. “నా మూలాన్నేరా. కొత్త బాక్సుకి బొట్టు పెట్టమని దాని ప్రాణం తీశాను. అది వద్దంటానే ఉంది. తీరా చూస్తే అదే అడ్డం వచ్చింది.”

అమ్మ పెట్టమనలేదు. నేను వద్దనలేదు. నా కొంగుకు అంటిన పసుపు అప్పుడే చూసింది కాబోలు. కర్ర గురించి నేనన్న మాట ఇద్దరి మధ్యా అలాగే ఉంది. తప్పు నాదని చెప్పడానికి ఒక్క మాట చాలు. కాని ఆ మాట చెప్పడానికి సిగ్గేసింది.

అమ్మ ఫోను నా చేతికిచ్చింది.

“అవునన్నయ్యా, బొట్టు అడ్డం వచ్చింది” అన్నాను.