గుండ్రంగా వేసిన బెంచీలు

తెలంగాణ వచ్చిన మరుసటేడు మా ఆయన పోయాడు. ఇల్లు గడవాలని పాలమూరులో టీచర్లను తయారుచేసే కాలేజీలో ఊడ్చే పనికి చేరాను. నాకు సంతకం వరకే వచ్చు. రోజుకూలీ పని, వద్దంటే ఆ రోజే ఆగిపోతుంది.

ఆ కాలేజీకి మొదటి ఆడ ప్రొఫెసరు మా మేడమ్. అచ్చంపేట అడవి ఊళ్లలో ఏళ్లకొద్దీ పిల్లలకు చదువు చెప్పి వచ్చింది. వచ్చిన వారానికే బెంచీలన్నీ గుండ్రంగా వేయించింది. ఒకరి మొహం ఒకరు చూస్తేనే నోట్లోంచి మాట వస్తుందట. మధ్యాహ్నం వేరే సారు క్లాసు, ఆయనకు వరుసలే కావాలి. పొద్దున గుండ్రం, మధ్యాహ్నం వరుస. ఇనుప బెంచీలు లాగీ లాగీ నా నడుము పడిపోయింది.

"గుండ్రం కూసుంటే చదువొస్తదా మేడమ్, తల తిరుగుతదా?" అని అడిగాను ఒకసారి.

"నీకు తిరుగుతాందా అక్కా? జర ఆగు," అని బెంచీ రెండో కొన తానే పట్టుకుంది.

ఒకరోజు పైనుంచి తనిఖీవాళ్లు వస్తున్నారు. తన పద్ధతి చూపించి, మిగతా కాలేజీల్లోనూ పెట్టించాలని మేడమ్ ఏడాదిగా తయారవుతోంది. పొద్దున్నే ప్రిన్సిపాల్ సారు నన్ను పిలిచాడు.

"బెంచీలు వరుసగ ఎయ్యి. గా గుండ్రం సర్కస్ వచ్చెటోళ్లకు కనవడొద్దు. రేపు పనికి రావాల్నో వద్దో నువ్వే చూస్కో."

వేశాను. మేడమ్ వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది. వెనకే తనిఖీవాళ్లు. మళ్లీ లాగే వ్యవధి లేదు. టీచర్లు కాబోయే ఆ పిల్లలు ఒకరి వీపు ఒకరు చూస్తూ కూర్చున్నారు, ఎవరూ నోరు తెరవలేదు. వచ్చినవాళ్లు కాసేపు చూసి లేచిపోయారు.

సాయంత్రం అడిగింది. "ఎవరు ఎయ్యమన్నరు అక్కా?"

"నేనే ఏసిన మేడమ్."

"నాకొక్క మాట చెప్పొద్దా?" అంది. అంతే, తిట్టలేదు.

మర్నాటి నుంచి ఆమె, పిల్లలే బెంచీలు లాగారు. నన్ను చెయ్యి వేయనివ్వలేదు. నా నడుము చూసో, నా మీద నమ్మకం పోయో, నేను అడగలేదు. నొప్పి తగ్గింది గానీ ఆ సుఖం మింగుడుపడలేదు.

రెండేళ్లకు ఆమె రిటైరైంది. ఆ ప్రిన్సిపాల్ సారే శాలువా కప్పాడు. నేనూ చప్పట్లు కొట్టాను. ఆటో ఎక్కబోతూ నా దగ్గరికి వచ్చింది.

"నడుం ఎట్లుందక్కా?"

ఎవరు వేయమన్నారో అప్పుడైనా చెప్పాల్సింది.

"మంచిగనే ఉంది మేడమ్," అన్నాను.

ఇప్పుడు పొద్దంతా వరుసలే. ఊడ్వడం సులువు, చీపురు సాఫీగా పోతుంది.