అడిగి తీసుకున్న పేరు

మా తమ్ముడి భార్య రక్తపరీక్షల ల్యాబులో ప్రోగ్రాములు రాసేది. మిషన్లు పంపే ఫైలును చదివి, ముక్కలుగా విడదీసి, రిపోర్టుగా అచ్చుకు పంపే ప్రోగ్రాం ఆమెదే. ఉద్యోగంలో చేరిన కొత్తలో రాసింది.

ఒకరోజు అది ఎవరిదో షుగరు రిపోర్టును ల్యాబు పెద్ద డాక్టరుగారి పేరుమీద అచ్చువేసింది. ఆయన బెంగపడి కాఫీలో చక్కెర మానేశారు. తీరా తాను ఆ పరీక్షే చేయించుకోలేదని గుర్తొచ్చి మండిపడ్డారు.

“బయటి కంపెనీ ప్రోగ్రాం కొనేస్తానమ్మా. సోమవారం వాళ్ల మనిషి వస్తాడు.”

కొంటే మా మరదలి ఉద్యోగం ఉండదు.

“ఈలోగా నేను మళ్లీ రాస్తాను సార్.”

“ఎందుకంత శ్రమ? నువ్వు చెప్పే ఆ గుర్తు జెండా ఇంకోటి పెట్టి సరిచెయ్యలేవా?”

“పెట్టగలను సార్. పెట్టను.”

ఆ సాయంత్రం భోజనాల దగ్గర సంగతేమిటని అడిగాను.

“పేరు అనేది ఫైల్లో రెండుచోట్ల ఉంటుంది వదినా. రోగి కింద ఒకటి, పంపిన డాక్టరు కింద ఒకటి. పాత ప్రోగ్రాంలో ఫైలు చదివే భాగం నన్ను పిలిచి ‘పేరొచ్చింది’ అంటుంది. ఎవరిదో చెప్పదు. ఎక్కడున్నామో నేనే గుర్తుపెట్టుకోవాలి. అందుకే ఆ జెండాలు, రోగి వివరాలు మొదలైతే ఎత్తాలి, అయిపోతే దించాలి. ఒకటి దించడం మరిచిపోయా, ఆ రోగిని పంపిన మా డాక్టరుగారే రోగి అయ్యారు.”

నేను ఆమె కంచంలో ఇంకాస్త అన్నం పెట్టబోయాను.

“ఇదిగో, అచ్చం నీలాగే. కావాలో వద్దో చూడదు, తెచ్చి గుమ్మరిస్తుంది. ఇకమీద గిన్నె నా పక్కనుంటుంది. ‘తర్వాతది ఇవ్వు’ అని నేనడిగితేనే ఇస్తుంది. రోగి భాగంలో కూర్చుని అడిగితే వచ్చేది రోగి పేరే.”

“అడగడం మరిచిపోతే?”

“ఆకలితో ఉంటా. పక్కవాడి ఎంగిలి మాత్రం తినను.”

కొత్తది మొదటిసారి నడిపితే మధ్యలో కొయ్యబారిపోయింది. ఏదో మిషను ఫైలు మధ్యలో తన గుర్తుకోసం రాసుకున్న వ్యాఖ్య దగ్గర ఆగి, కదలనంది. అక్కరలేనిదాన్ని కూడా అడిగి తీసుకుని పక్కన పెడితే తప్ప ముందుకు పోదని అప్పుడు తెలిసింది. ఆమె విసుక్కోలేదు. ఆ ముక్క సరిచేసి, ల్యాబులో ఉన్న పాత ఫైళ్లన్నీ రెండు ప్రోగ్రాములతోనూ చదివించింది. తేడా వచ్చిన ప్రతి రిపోర్టునూ మిషను దగ్గరికి వెళ్లి సరిచూసుకుంది. తప్పు ప్రతిసారీ పాతదానిదే. అంతకుముందు ఎవరూ గమనించని తప్పులు కూడా బయటపడ్డాయి.

సోమవారం పొద్దున్నే ఆ కాగితాలు డాక్టరుగారి ముందు పెట్టింది. ఆయన ఒక్కొక్కటీ తిప్పి చూశారు.

“సరే. ఆ కంపెనీవాణ్ణి రావద్దంటాను. కొన్నాళ్లు రెండూ నడుపు, చూద్దాం.”

“వద్దు సార్. తప్పని తెలిశాక పాతది ఒక్క రిపోర్టు కూడా ఇవ్వకూడదు. ఇప్పుడే ఆపేస్తాను.”

ఆయన తలెత్తి చూసేసరికి ఆమె గుమ్మం దాటింది.