వాల్వులో పలక ముక్క

ఒక పలక ముక్కను నలభై ఏళ్లు మోశాను. రూపాయి బిళ్ళంత కూడా లేదు. అయినా దాని బరువుకి నిద్ర సరిగ్గా పట్టేది కాదు. మొన్ననే దించుకున్నాను. నా పేరు మీకు అవసరం లేదు. చెప్పేది మాత్రం వినండి.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్త. మార్కాపురం అప్పుడు కర్నూలు జిల్లాలో ఉండేది. నేను అక్కడ బండ్లు బాగుచేసే మేస్త్రీని. పలకల గని యజమాని ఒకాయన మిలిటరీ వాళ్లు వేలం వేసిన జీపు కొన్నాడు. గుండ్లకమ్మ ఏటి ఇసుకలో దిగబడకుండా టైర్లలో గాలి తగ్గించి దాటాలి, గట్టెక్కాక మళ్లీ నింపాలి. చేతి పంపుతో నాలుగు టైర్లు కొట్టేసరికి డ్రైవరు ఏసోబుకు రెక్కలు పడిపోయేవి. అందుకని జీపులోనే గాలి కంప్రెసరు బిగించమన్నారు. ఇంజను బెల్టుతో అది తిరుగుతుంది, వెనక సీటు కింద ట్యాంకులో గాలి నిండుతుంది. మా వైపు అలాంటిది ఎవరూ చేయలేదు. నేను చేశాను. ఎంత పొంగిపోయానో.

గాలి ఎంత నిండిందో చూపించే మీటరు దొరకలేదు. ఆధారం సేఫ్టీ వాల్వు ఒక్కటే. ట్యాంకు నిండితే అది తెరుచుకుని, ఎక్కువైన గాలిని ఉస్సుమని వదిలేస్తుంది. ఆ చప్పుడు వచ్చేదాకా బెల్టు ముట్టుకోవద్దని, రాగానే ఇంజను ఆపి తీసెయ్యమని ఏసోబుకు నేనే నేర్పాను. రాచర్ల మనిషి. నాకంటే చిన్నవాడు. చెప్పిన మాట చెప్పినట్టు చేసేవాడు.

జీపుకు పూజ చేసిన నాడు టైర్ల కింద నిమ్మకాయలు పెట్టారు. ట్యాంకు సగం నిండకముందే వాల్వు బుసకొట్టింది. లోపల స్ప్రింగు మెత్తబడింది. కొబ్బరికాయ ఎత్తిన యజమాని, దేవుడి ముందు ఈ పాము బుస ఏమిటన్నట్టు నా వైపు చూశాడు. పదిమందిలో తల కొట్టేసినట్టయింది. మా ఊళ్లో తలుపు ఊగినా, మంచం కోడు ఎగుడుదిగుడైనా పలక ముక్క పెట్టి సరిచేస్తాం. నా చెయ్యి దానంతట అదే నేలమీదికి పోయింది. ఒక ముక్క ఏరి, గుండ్రంగా అరగదీసి, స్ప్రింగు కదలకుండా దాని మీద పెట్టి మూత బిగించాను. బుస ఆగింది. కొబ్బరికాయ కొట్టారు. అందరూ భేష్ అన్నారు.

పూజ కాగానే తీసేద్దామనుకున్నాను. జీపు అటునుంచి అటే గనికి బయలుదేరింది. ఇక అది ఉస్సుమనదని, నువ్వే అంచనా చూసుకుని బెల్టు తియ్యమని ఏసోబుకు ఒక్క మాట చెప్పాలి. చెప్పలేదు. మరిచిపోయానా? ఇన్నేళ్లూ నన్ను నేను అలాగే మభ్యపెట్టుకున్నాను. మరిచిపోలేదు. అంతమంది మెచ్చుకుంటుంటే నా పనిలో లోపముందని చెప్పడానికి నోరు రాలేదు.

ఏరు దాటి గట్టెక్కాక ఏసోబు ఇంజను నడుపుతూ ఆ చప్పుడు కోసం కాచుకున్నాడు. ఎంతకీ రాలేదు. తనకే వినబడడం లేదేమోనని వెనక్కి వెళ్లి, వంగి ట్యాంకుకు చెవి పెట్టాడట. ట్యాంకు అతుకు పగిలింది. ప్రాణం దక్కింది. ఎడమ చెవి పోయింది.

కట్టు కట్టిన తలతోనే అతన్ని యజమాని నా షెడ్డుకు తీసుకొచ్చాడు.

"బెల్టు తీయకుండా యాడ పోయినావురా?"

"యాడికీ పోలేదయ్యా. ఉస్సుమంటదని అన్న చెప్పినాడు. దానికోసమే చూస్తా ఉన్నా. అది అనలేదు."

"ఏంది మేస్త్రీ? వాల్వు బాగుండిందా, లేదా?"

జీపును ముందే నా షెడ్డుకు చేర్చారు, అప్పటికే నేను వాల్వు విప్పాను. పలక ముక్క నా జేబులో ఉంది.

"బాగనే ఉండిందయ్యా," అన్నాను.

ఏసోబు నన్ను చూశాడు. కోపంగా చూసినా బాగుండేది. "అట్లయితే నాకే ఇనపడలేదేమో లేన్నా," అన్నాడు.

అతని పని పోయింది. పరధ్యానం మనిషని పేరుపడ్డాక మరెవరూ బండి చేతికివ్వలేదు. రాచర్లలో మేకలు కాసుకున్నాడు. ఒకసారి వెళ్లి, పక్కన కూర్చుని అంతా చెప్పాను. ఎడమవైపు కూర్చుని చెప్పాను. అది వినబడని చెవి అని తెలిసే కూర్చున్నాను. అంత పిరికివాణ్ని.

మొన్న మళ్లీ వెళ్లాను. ఈసారి కుడివైపు కూర్చున్నాను. పలక ముక్క అతని చేతిలో పెట్టి, మొదటినుంచి చెప్పాను. ఏసోబు దాన్ని వేళ్లతో తిప్పి చూశాడు.

"అట్లయితే అది ఉస్సుమనలేదు గదా," అన్నాడు. "నేను సరిగ్గనే చెప్పినా."

అన్నా అని పిలవలేదు. క్షమించాననీ అనలేదు, నేనూ అడగలేదు. పలక ముక్కను చొక్కా జేబులో వేసుకుని మేకల దగ్గరికి పోయాడు. నేను బస్సెక్కి సీట్లో కూర్చున్నానో లేదో నిద్ర పట్టింది. మార్కాపురంలో కండక్టరు తట్టి లేపేదాకా మెలకువ రాలేదు.